తెర వెనుక వెలుతురుకే ఆ తేడా సొమ్ము

ఇంటి సామాను కొనుగోళ్ల మీద పాఠకుల సందేహాలకు జవాబులిచ్చే ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో టీవీ గురించినవే ఎక్కువ. తక్కువ ధర టీవీ సరిపోతుందా, మరికొంత సొమ్ము పెట్టి మధ్యస్థాయి టీవీ తీసుకోవాలా అన్నదే దాదాపు అందరి ప్రశ్న. ప్రశ్న ఒకటే అయినా ఇళ్లు వేరు, చూసే మనుషులు వేరు కాబట్టి నాలుగు ఉత్తరాలను ఎంచుకుని విడివిడిగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని. మా పాత 32 అంగుళాల టీవీ పాడైపోయింది. హాల్లో సోఫాకూ టీవీ ఉండే గోడకూ మధ్య తొమ్మిది అడుగులు ఉంటుంది. సోఫా పక్కన గోడ వారగా దివాన్ ఉంది. పడమటి కిటికీ పెద్దది, మధ్యాహ్నం వెలుతురు బాగా వస్తుంది. మా వారు ఆ వేళప్పుడే క్రికెట్ చూస్తారు. రాత్రిపూట నేను సీరియళ్లు చూస్తాను. మనవలు వచ్చినప్పుడు ఓటీటీలో సినిమాలు పెట్టుకుంటాం. షోరూంలో రెండు 55 అంగుళాల టీవీలు చూపించారు. ఒకటి 32 వేలు, మరొకటి 60 వేలు. రెండింటి మీదా 4కె అనే ఉంది, హెచ్‌డీఆర్ అనే ఉంది. తేడా ఏమిటని అడిగితే అక్కడి అబ్బాయి "అది వేరే క్వాలిటీ మేడమ్" అన్నాడు తప్ప అంతకు మించి చెప్పలేదు. 28 వేలు ఎక్కువ పెట్టడం దండగ కాదా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి చెప్పలేకపోయిన సంగతి నేను వివరంగా చెప్పే ప్రయత్నం చేస్తాను. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసినవన్నీ ఆ రెండు టీవీల్లోనూ సమానమే. తేడా అంతా పెట్టె మీద వేయని విషయాల్లో ఉంది.

4కె అంటే తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం దాదాపు 83 లక్షల చుక్కలు ఉన్నాయని అర్థం. 32 వేల టీవీలోనూ అన్నే ఉంటాయి, 60 వేల టీవీలోనూ అన్నే ఉంటాయి. పైగా మీరు కూర్చునే చోటి నుంచి ఆ చుక్కలన్నీ కంటికి ఆనవు. అందులో నాలుగో వంతు, అంటే సుమారు 20 లక్షల చుక్కలుండే ఫుల్ హెచ్‌డీ బొమ్మనే 55 అంగుళాల తెర మీద ఏడడుగులు దాటిన దూరం నుంచి చూస్తే, ఆరోగ్యమైన కన్ను కూడా ఒక చుక్కను పక్క చుక్క నుంచి విడదీసి చూడలేదు. మీ సోఫా తొమ్మిది అడుగుల దూరంలో ఉంది. ఇక కేబుల్‌లోనో డిష్‌లోనో వచ్చే మన తెలుగు ఛానళ్ల సంగతి చూస్తే, మామూలు ఛానల్ అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలతోనూ, హెచ్‌డీ ఛానల్ మహా అయితే 1920, 1080 చుక్కలతోనూ వస్తుంది. మిగిలిన చుక్కలను టీవీలోని ప్రాసెసర్ ఇరుగుపొరుగు చుక్కలను చూసి ఊహించి నింపుతుంది. సీరియల్లో చీర జరీ అంచు దగ్గర, వార్తల్లో కింద పరుగెత్తే అక్షరాల దగ్గర ఈ నింపుడు ఎంత శుభ్రంగా జరిగిందో తెలిసిపోతుంది. ఈ పని మధ్యస్థాయి టీవీ కొంచెం మెరుగ్గా చేస్తుందన్నది నిజమే కానీ, ఆ కొంచెం కోసమే అయితే 28 వేలు పెట్టమని నేను చెప్పను.

అసలు తేడా వెలుతురులో ఉంది. ఎల్‌ఈడీ టీవీ అని మనం పిలిచే దానిలో బొమ్మ తనంతట తాను వెలగదు. ముందు ఉండే ఎల్‌సీడీ పలకలో (దీన్నే ప్యానెల్ అంటారు) లక్షల కొద్దీ సన్నటి రెక్కల్లాంటివి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. వెలిగేవి వాటి వెనుక ఉన్న దీపాలు. ఒకసారి ఒక మెకానిక్ దుకాణంలో 43 అంగుళాల చౌక టీవీ ఒకటి బల్ల మీద విప్పి ఉంటే దగ్గరగా వంగి చూశాను. తెల్లటి షీటు మీద మూడు సన్నని లోహపు పట్టీలు బిగించి ఉన్నాయి. ఒక్కో పట్టీ మీద అరజానెడు దూరానికొకటి చొప్పున చిన్న ఎల్‌ఈడీ దీపాలు, ప్రతి దీపం మీదా చొక్కా గుండీ అంత గుండ్రటి ప్లాస్టిక్ మూత. లెక్కపెడితే అన్నీ కలిపి పాతిక కూడా లేవు. అంత పెద్ద తెరకు వెలుతురంతా ఆ కాసిన్ని దీపాల నుంచే రావాలి. పైగా అవన్నీ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. అందుకే రాత్రి దృశ్యంలో చందమామ వెలగాలంటే చుట్టూ ఉన్న ఆకాశం కూడా బూడిదరంగుకు తిరిగిపోతుంది, చీకట్లో నిలబడిన మనిషి జుట్టూ వెనుక గోడా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

మంచి మధ్యస్థాయి టీవీలో ఈ దీపాల సంఖ్య ఎక్కువ. వాటిని పదుల కొద్దీ, కొన్నింటిలో వందల కొద్దీ భాగాలుగా విడదీసి, బొమ్మలో చీకటి ఉన్న చోట ఆ భాగాన్ని మాత్రమే తగ్గిస్తారు. దీన్ని లోకల్ డిమ్మింగ్ అంటారు. దీపాలను మరీ చిన్నవి చేసి వేల సంఖ్యలో పరిస్తే దానికి మినీ ఎల్‌ఈడీ అని పేరు. మీకు చూపించిన 60 వేల టీవీలో ఈ ఏర్పాటు ఉందో లేదో అడిగి తెలుసుకోండి. ఉంటే ఆ తేడా సొమ్ములో పెద్ద భాగం సరైన చోటికే వెళ్లినట్టు. లేకపోతే ఆ టీవీని మధ్యస్థాయి టీవీ అని నేను ఒప్పుకోను, ధర ఎంత రాసి ఉన్నా సరే.

వెలుతురుకు ఒక కొలత ఉంది, దాన్ని నిట్స్ అంటారు. చౌక టీవీలు సాధారణంగా 200 నుంచి 300 నిట్స్ దగ్గర ఆగిపోతాయి. లోకల్ డిమ్మింగ్ ఉన్న మధ్యస్థాయి టీవీలు 500 దాటతాయి, కొన్ని 1000 దాకా వెళతాయి. రాత్రి ట్యూబులైటు వెలుగులో సీరియల్ చూడటానికి 250 నిట్స్ ధారాళంగా సరిపోతాయి. మీ ఇంట్లో చిక్కు మధ్యాహ్నం క్రికెట్‌తోనే వస్తుంది. పడమటి కిటికీ వెలుతురు తెర మీద పడినప్పుడు తక్కువ వెలుతురు టీవీలో మైదానం పచ్చదనం పాలిపోతుంది, నీడ పడిన స్టాండ్ల వైపు బంతి వెళితే అది కనిపించదు. మీ వారు బంతి ఎక్కడికి పోయిందని వెతుక్కోవలసి వస్తుంది. కిటికీకి మందపాటి కర్టెన్ వేయడం కూడా దీనికి ఒక పరిష్కారమే, అది చాలా చౌక కూడా. కానీ మధ్యాహ్నం పూట ఇల్లంతా చీకటి చేసుకుని కూర్చోవడం అందరికీ నచ్చదు.

హెచ్‌డీఆర్ అన్న మాట, అంటే వెలుగునీడల తేడాను మరింత ఎక్కువగా చూపే పద్ధతి పేరు, రెండు పెట్టెల మీదా ఉందన్నారు. చౌక టీవీ మీద ఆ మాటకు అర్థం, ఆ రకం సంకేతం వస్తే ఈ టీవీ దాన్ని స్వీకరిస్తుందని మాత్రమే. హెచ్‌డీఆర్ సినిమాలను చాలావరకు 1000 నిట్స్ వెలుతురును దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు. 250 నిట్స్ తెర ఆ బొమ్మను కుదించి చూపించాలి, అలా కుదించినప్పుడు కొన్ని సినిమాలు మామూలు హెచ్‌డీ కన్నా కూడా చీకటిగా కనిపిస్తాయి. "ఓటీటీలో సినిమా పెడితే మొహాలు కనిపించడం లేదు" అని చాలామంది రాస్తుంటారు. అలాంటి ఇళ్లలో చాలాచోట్ల కారణం ఇదే.

రంగుల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే మాటల గారడీ ఎక్కువ. క్యూఎల్‌ఈడీ అంటే వెనుక నీలిరంగు దీపాలు పెట్టి, వాటి ముందు క్వాంటం డాట్స్ అనే అతి సూక్ష్మమైన కణాల పొరను ఉంచి, ఆ నీలి వెలుతురులో కొంత భాగాన్ని స్వచ్ఛమైన ఎరుపుగానూ ఆకుపచ్చగానూ మార్చే పద్ధతి. ఆ కణాలను కనిపెట్టి, మేలైనవిగా తయారుచేసే దారి చూపినందుకు మౌంగి బవెండి, లూయి బ్రస్, అలెక్సీ ఎకిమోవ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అది నిజంగా గొప్ప పనే. ఆ పొర ఉన్న టీవీలో పట్టుచీర ఎరుపు, మామిడాకు పచ్చ నిండుగా కనిపిస్తాయి. అయితే ఇప్పుడు 30 వేల టీవీల మీద కూడా క్యూఎల్‌ఈడీ అని వేస్తున్నారు. వెనుక దీపాలు అవే పాతిక అయినప్పుడు ముందు ఎంత మంచి పొర వేసినా బొమ్మ నీరసంగానే ఉంటుంది. అందుచేత ఆ మాట ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోవద్దు. 107 కోట్ల రంగులు అని రాసి ఉంటే అది 10 బిట్ తెర అని, 1.67 కోట్ల రంగులు అని ఉంటే 8 బిట్ తెర అని అర్థం. తెల్లవారుజామున ఆకాశం చూపించే దృశ్యంలో 8 బిట్ తెర మీద మెట్లుమెట్లుగా చారలు కనిపించే అవకాశం ఉంది.

దివాన్ సంగతి మీరు రాయడం మంచిదైంది. ఎల్‌సీడీ పలకల్లో రెండు రకాలు ఉన్నాయి. వీఏ రకంలో నలుపు బాగా నల్లగా ఉంటుంది, తెలుపుకూ నలుపుకూ తేడా మూడు వేల నుంచి ఐదు వేల రెట్ల దాకా ఉంటుంది, కానీ పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ రకంలో పక్క నుంచి చూసినా రంగు చెదరదు, కానీ ఆ తేడా దాదాపు వెయ్యి రెట్ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి చీకటి గదిలో నలుపు బూడిదగా కనిపిస్తుంది. మీ ఇంట్లో పగలు కూడా చూస్తారు, పక్కన దివాన్ మీద కూడా మనుషులుంటారు. షోరూంలో టీవీకి ఎదురుగా నిలబడి చూసింది చాలదు. మీ దివాన్ ఉన్నంత పక్కకు నడిచి, అక్కడి నుంచి ఒక మనిషి మొహాన్ని చూడండి. చర్మం రంగు మారిపోతే ఆ టీవీ మీ హాలుకు తగదు.

క్రికెట్‌కు 120 హెర్ట్జ్ తెర ఉంటే మంచిది. మామూలు తెర సెకనుకు 50 లేదా 60 సార్లు బొమ్మ మారుస్తుంది. బంతి వెంట కెమెరా తిరిగినప్పుడు మన కన్ను కూడా దానితోపాటు కదులుతుంది కానీ తెర మీద బొమ్మ సెకనులో యాభయ్యో వంతు పాటు కదలకుండా ఉండిపోతుంది కాబట్టి అంచులు అలుక్కుపోతాయి. 120 హెర్ట్జ్ తెర ఉన్న టీవీ మధ్యలో అదనపు బొమ్మలు కల్పించి చూపినప్పుడు ఆ అలుకు తగ్గుతుంది. సినిమాకూ ఒక లాభం ఉంది. సినిమా సెకనుకు 24 బొమ్మలతో తీస్తారు. 120ని 24తో భాగిస్తే సరిగ్గా ఐదు వస్తుంది, 60ని భాగిస్తే రెండున్నర వస్తుంది. అందుకే 60 హెర్ట్జ్ తెర మీద కెమెరా మెల్లగా పక్కకు జరిగే చోట బొమ్మ చిన్నగా తడబడుతుంది. కొన్ని సంస్థలు తమ సొంత పేర్లు పెట్టి 200, 240 అని చలనం అంకెలు వేస్తాయి, వాటిని లెక్కలోకి తీసుకోకుండా "ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేటు ఎంత?" అని అడగండి. 60 వేల టీవీల్లో కూడా 60 హెర్ట్జ్‌వి చాలా ఉన్నాయి.

ఎక్కువ సొమ్ము దేనికి పెట్టకూడదో కూడా చెప్పాలి. స్మార్ట్ సౌకర్యాల కోసం పెట్టవద్దు. టీవీలోని మెమరీ, ప్రాసెసర్ మూడు నాలుగేళ్లలో పాతబడి యాప్‌లు నత్తనడక నడుస్తాయి. ఆ రోజున నాలుగైదు వేలు పెట్టి యాప్‌లు నడిపే ఒక స్ట్రీమింగ్ స్టిక్ వెనుక గుచ్చుకుంటే అది మళ్లీ కొత్త టీవీలా పరుగెడుతుంది. దీపాలను, తెరను మాత్రం తరవాత ఇలా మెరుగైనవాటితో మార్చుకోలేం. శబ్దం కోసం కూడా పెట్టవద్దు, ఎందుకంటే సన్నటి టీవీల్లో స్పీకర్లు ఏ ధరలోనైనా అంతంతమాత్రమే. మాటలు స్పష్టంగా వినబడటం మీ వయసు వారికి ముఖ్యం కాబట్టి, ఆరేడు వేలలో ఒక సౌండ్‌బార్ తీసుకుని హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ అని రాసి ఉన్న రంధ్రానికి కలిపితే చాలు, టీవీ రిమోట్‌తోనే దాని శబ్దమూ తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు.

మళ్లీ షోరూంకు వెళ్లేటప్పుడు ఒక పెన్‌డ్రైవ్‌లో మూడు ముక్కలు వేసుకుని వెళ్లండి: పగటిపూట జరిగిన ఒక క్రికెట్ మ్యాచ్, ఒక సినిమాలో రాత్రి దృశ్యం, మీరు రోజూ చూసే సీరియల్. దుకాణంలో నడిచే వీడియోలో ఎప్పుడూ తేనె బొట్టు, రామచిలక, పళ్ల ముక్కలే ఉంటాయి. కెమెరా మెల్లగా కదులుతుంది, అంతా పట్టపగటి వెలుతురే. అలాంటి బొమ్మలో ఏ టీవీ అయినా బాగానే ఉంటుంది. రెండు టీవీలనూ వివిడ్ మోడ్ నుంచి సినిమా మోడ్‌కు మార్చమనండి. ముందు కాస్త పసుపుగా అనిపిస్తుంది, రెండు నిమిషాల్లో కన్ను అలవాటు పడుతుంది, అసలు రంగులు అవే. క్రికెట్ ముక్క పెట్టి కెమెరా మైదానం మీదుగా తిరిగేటప్పుడు పచ్చిక మీద నిలువు చారలో, మురికి మరకల్లాంటివో కదలకుండా కనిపిస్తున్నాయేమో చూడండి. చౌక టీవీల్లో అవి ఎక్కువ. దీపాల వెలుతురు తెరంతా సమానంగా పరుచుకోనందువల్ల అలా కనిపిస్తాయి.

ఇక మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. మీరు ఒక్కరే రాత్రిపూట సీరియళ్లు చూసే ఇల్లయితే 32 వేల టీవీ తీసుకోమని వెంటనే రాసేవాణ్ని. మీ హాలులో పడమటి వెలుతురు, మధ్యాహ్నం క్రికెట్, మనవలతో సినిమాలు మూడూ ఉన్నాయి. లోకల్ డిమ్మింగ్ ఉండి, పక్క నుంచి చూసినా రంగు నిలిచేట్టయితే 60 వేల టీవీ తీసుకోండి. అంత సొమ్ము బరువనిపిస్తే 55 అంగుళాల పట్టుదల వదిలి, అవే గుణాలున్న 50 అంగుళాల మధ్యస్థాయి టీవీ చూడండి. తొమ్మిది అడుగుల దూరానికి అదేమీ చిన్నది కాదు.

ప్రశ్న: మూడేళ్ల కిందట చౌకగా వస్తోందని ఒక 43 అంగుళాల టీవీ కొన్నాం. మొన్న హఠాత్తుగా బొమ్మ పోయింది, మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. దుకాణంలో ప్యానెల్ పోయిందన్నారు, కొత్తది కొనుక్కోవడమే మంచిదన్నారు. ఈసారి ధర ఎక్కువ పెట్టి కొంటే ఎక్కువ కాలం వస్తుందా? మా ఇల్లు సముద్రానికి దగ్గర.
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: కొత్తది కొనే ముందు ఈ రాత్రే ఒక చిన్న పరీక్ష చేయండి. గదిలో దీపాలన్నీ ఆర్పి, టీవీ వేసి, టార్చిలైటును తెరకు బాగా దగ్గరగా ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఆ వెలుతురు పడిన మేర మనుషులు, అక్షరాలు మసకగా కదులుతూ కనిపిస్తే మీ ప్యానెల్ బాగానే ఉంది, వెనుక దీపాలు మాత్రమే పోయాయి. ఒక పట్టీ మీది దీపాలన్నీ గొలుసులా ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉంటాయి. అందులో ఒక్క దీపం తెగిపోయినా మొత్తం గొలుసు ఆరిపోతుంది, లోపలి బోర్డు కూడా ప్రమాదం అనుకుని మిగిలిన వాటికి కరెంటు ఆపేస్తుంది. ప్యానెల్ మార్చాలంటే దాదాపు కొత్త టీవీ ధర అవుతుంది. దీపాల పట్టీలు మార్చడానికి అందులో చిన్న వంతు చాలు.

ఇది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. నాలుగేళ్లు వాడిన మా టీవీకి ఇలాగే బొమ్మ పోతే సంస్థ తరఫున వచ్చిన మనిషి విప్పి చూడకుండానే ప్యానెల్ పోయిందని కాగితం రాసిచ్చి వెళ్లిపోయాడు. నమ్మి కొత్తదానికి సిద్ధపడుతుండగా మా వీధి చివర మెకానిక్ వచ్చి, టార్చి వేసి బొమ్మ చూపించి, పట్టీలన్నీ కలిపి మార్చాడు. తెగిన ఒక్కటే మార్చితే మిగిలిన పాతవి కొద్ది నెలల్లో ఒక్కొక్కటే పోతాయని, మూడూ ఒకేసారి వేయించుకోమని అతను చెప్పిన మాట మీకూ పనికొస్తుంది. ఆ టీవీని మా అమ్మ ఇప్పటికీ చూస్తూనే ఉంది.

ధర ఎక్కువైతే ఆయుష్షు ఎక్కువా అంటే, అంత నేరుగా సంబంధం లేదు. దీపాలను తినేసేది వేడి. చౌక టీవీలో ఉన్న కొద్ది దీపాలనూ వాటి శక్తి మేరకు పూర్తిగా వెలిగిస్తారు కాబట్టి అవి త్వరగా అలసిపోతాయి. మధ్యస్థాయి టీవీలో ఎక్కువ దీపాలు ఆ బరువును పంచుకుంటాయి, కానీ వాటిని నడిపే ఎలక్ట్రానిక్స్ కూడా ఎక్కువే, ఏదైనా పోతే మరమ్మతు ఖర్చూ ఎక్కువే. మీ చేతిలో ఉన్న ఉపాయం ఏమిటంటే, ఏ టీవీ అయినా కొన్న రోజే సెట్టింగుల్లో బ్యాక్‌లైట్‌ను 100 నుంచి 60, 70 దగ్గరికి దించండి. దుకాణం నుంచి వచ్చినప్పుడు అది తరచుగా నిండుగా పెట్టి ఉంటుంది. గోడకు బిగిస్తే వెనుక గాలి ఆడేంత సందు వదలండి. సముద్రపు ఉప్పుగాలికి లోపలి బోర్డుల మీద తుప్పు పడుతుంది కాబట్టి సముద్రం వైపు కిటికీకి ఎదురుగా పెట్టవద్దు. రోజూ కొంతసేపు టీవీ నడవడం కూడా మంచిదే, ఆ వెచ్చదనానికి లోపలి తేమ ఆరుతుంది. ఉరుముల వేళ స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గుతో పాటు కేబుల్ తీగ కూడా పీకండి. పిడుగుపాటు దెబ్బ చాలాసార్లు ఆ తీగలోంచే వస్తుంది. ఈ టీవీలు లోపల తక్కువ వోల్టేజిని తట్టుకునేట్టే తయారవుతాయి, స్టెబిలైజర్ కన్నా సరైన ఎర్తింగ్, హఠాత్తుగా పెరిగే వోల్టేజిని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ ముఖ్యం.

అందుచేత మీ పాత టీవీ టార్చి పరీక్షలో నెగ్గితే బాగుచేయించండి. నెగ్గకపోతే కొత్తది కొనేటప్పుడు ప్యానెల్‌కు రెండు మూడేళ్ల వారంటీ ఉన్నది వెతకండి. వారంటీలో ఉండగా సంస్థ మొండికేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేసే హక్కు మీకుంది.

ప్రశ్న: హైదరాబాద్ కూకట్‌పల్లిలో ముగ్గురు మిత్రులం ఒక గదిలో ఉంటున్నాం. కొత్తగా ఉద్యోగంలో చేరాను. 43 అంగుళాల టీవీ 22 వేలకు వస్తోంది. నెలవారీ వాయిదాలు ఉన్నాయి కదా, 45 వేలది తీసుకుందామని మిత్రులు అంటున్నారు. ఏది మంచిది?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బాబూ, 22 వేల టీవీయే తీసుకో. పది అడుగుల గదిలో, ట్యూబులైటు కింద, రాత్రిళ్లు చూసే ముగ్గురికి ఆ వెలుతురు చాలు. రేపు గది మారతావు, ఊరు మారతావు, గోడకు బిగించిన టీవీని అట్టపెట్టె లేకుండా మోసుకెళ్లేటప్పుడు దెబ్బ తగిలితే 45 వేలది అయినా 22 వేలది అయినా తెర ఒకేలా పగులుతుంది. వడ్డీ లేని వాయిదాలు అన్న మాటను కూడా జాగ్రత్తగా చదువు. వడ్డీ మొత్తాన్ని ముందుగా తగ్గింపు రూపంలో ఇచ్చినా, ఆ వడ్డీ మీద జీఎస్టీ, బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము చాలాసార్లు నీ మీదే పడతాయి.

తక్కువ ధరలో కొన్నా నువ్వు రాజీ పడకూడని సంగతి ఒకటుంది. అది ధ్రువీకరణ పొందిన గూగుల్ టీవీ లేదా అంతకు సమానమైన సాఫ్ట్‌వేర్ వ్యవస్థ ఉన్న టీవీ అయి ఉండాలి. ఊరూపేరూ తెలియని కొన్ని టీవీల్లో ఫోన్ల కోసం తయారైన ఆండ్రాయిడ్‌నే టీవీలోకి ఎక్కించి స్మార్ట్ అని అమ్ముతారు. వాటికి వైడ్‌వైన్ ఎల్1 అనే, వీడియోను నకలు చేయకుండా అడ్డుకునే రక్షణ స్థాయి ఉండదు కాబట్టి కొన్ని ఓటీటీ యాప్‌లు అసలు తెరుచుకోవు, తెరుచుకున్నా మసక బొమ్మే ఇస్తాయి. తెర 4కె అయినంత మాత్రాన సినిమా 4కెలో రాదన్నది కూడా గుర్తుంచుకో. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె అన్నిటికన్నా పై చందాలోనే ఇస్తారు, దానికి సెకనుకు 15 మెగాబిట్ల నెట్ వేగం కావాలని వాళ్లే సూచిస్తున్నారు. ముగ్గురూ ఫోన్లు చూస్తూ పంచుకునే కనెక్షన్‌లో ఆ వేగం నిలుస్తుందో లేదో చూసుకో. 5 గిగాహెర్ట్జ్ వైఫై అందుకునే టీవీ అయితే అపార్ట్‌మెంట్‌లో పక్కింటి వైఫైల గోల కాస్త తగ్గుతుంది. గేములు ఆడే కన్సోల్ ఉంటే నా జవాబు మారేది, నువ్వు ఆ మాట రాయలేదు.

ప్రశ్న: పండుగ అమ్మకాల దాకా ఆగితే మధ్యస్థాయి టీవీ చౌక టీవీ ధరకు వస్తుందంటారు, నిజమేనా? జీఎస్టీ తగ్గింది కదా, దుకాణదారుడు మాకు ఆ తగ్గింపు ఇచ్చాడో లేదో ఎలా తెలుస్తుంది? పెద్ద టీవీకి కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 32 అంగుళాల వాటికి 2019 నుంచే 18 శాతం ఉంది కాబట్టి వాటి ధరలో దీనివల్ల మార్పు లేదు. పన్ను కాకుండా 40 వేలు పడే టీవీ అంతకుముందు 51,200 అయ్యేది, ఇప్పుడు 47,200 అవుతుంది. మీ బిల్లులో అసలు ధర, పన్ను విడివిడిగా ఉంటాయి, అక్కడ 18 శాతం అని ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

పండుగ అమ్మకాల్లో నిజమైన లాభం పోయిన ఏడాది వచ్చిన మధ్యస్థాయి మోడళ్ల మీద దొరుకుతుంది. ఫోన్లలా టీవీలు ఏటా పెద్దగా మారవు, నిరుటి మంచి టీవీ ఈ ఏటి సాధారణ టీవీ కన్నా చాలాసార్లు మేలే. అయితే అమ్మకాల కోసమే తయారుచేసిన మోడళ్లు కొన్ని వస్తాయి. పేరు చివర ఒక అక్షరమో అంకో తేడాగా ఉంటుంది, లోపల దీపాలు తగ్గించి ఉంటాయి. అందుకని ముందే దుకాణంలో చూసి నచ్చిన టీవీ మోడల్ నంబరును అక్షరం పొల్లు పోకుండా రాసుకోండి, పండుగకు అదే నంబరు ఉన్నది దొరికితేనే కొనండి.

కరెంటు విషయంలో అంత భయం అక్కర్లేదు. 100 వాట్లు తీసుకునే టీవీ రోజుకు ఐదు గంటలు నడిస్తే అర యూనిట్, నెలకు 15 యూనిట్లు కాలుతుంది. 150 వాట్లదైతే 22 యూనిట్ల పైచిలుకు. వెలుతురు ఎక్కువ ఇచ్చే టీవీ నిండు వెలుగులో నడిస్తే ఎక్కువ తాగుతుంది, పైన చెప్పినట్టు బ్యాక్‌లైట్ తగ్గిస్తే అదీ తగ్గుతుంది. టీవీకి అతికించిన నక్షత్రాల లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ముద్రించి ఉంటుంది. రెండు టీవీలను పోల్చేటప్పుడు ఎన్ని నక్షత్రాలున్నాయో చూసి ఊరుకోకండి, ఆ యూనిట్ల అంకె చూడండి. టీవీ ఇంటికి వచ్చాక బిగించే మనిషి వెళ్లకముందే పెట్టె మీది మోడల్ నంబరు, టీవీ వెనుక చీటీ మీది నంబరు, బిల్లు మీది నంబరు మూడూ ఒకటేనో కాదో చూసి, తెరంతా ఒకసారి తెల్లగా, ఒకసారి నల్లగా పెట్టించి మచ్చలు లేవని తేల్చుకున్న తరవాతే సంతకం పెట్టండి.